ఏడు మట్ల దూరం

ఈ సంగతి మొదట నాకు చెప్పింది ప్రొద్దుటూరు పాలవ్యాను అబ్దుల్ వాహిద్. పాలలో నీళ్ళు కలుపుతాడేమో గానీ, మాటలో కలిపే మనిషి గాదు.

తొండూరు దాటి ముద్దనూరు దిక్కు పోతాంటే, సున్నపురాళ్ళ గుట్ట కింద ఒక పాడుబడిన బావి ఉంది. చుట్టుగోడ లేదు, గిలక లేదు. బోర్లు పడిన కాలంలోనే నీళ్ళు పోయినాయి. పొద్దుగుంకితే గొర్రెల కాపర్లు గూడా ఆ పక్కకు పోరు. పోయిన గొర్రె తిరిగి రాదని గాదు... తిరిగొచ్చిన గొర్రె మందలో కలవదని.

ఆ బావి తవ్వించింది అలివేలమ్మ. మొగుడు పోయినామె. మెడలోది, ముక్కుది, కాళ్ళ కడియాలు అన్నీ అమ్మి, బండ పగలగొట్టించి నీళ్ళు చూసింది. ఊరంతా ఆ నీళ్ళే తాగింది. పక్క చేను నారాయణది. తన చీనీతోటకు నీళ్ళు మళ్ళించమన్నాడు. ఆమె కుదరదనింది. ఒక అమాస నాడు తెల్లారేసరికి ఆమె శవం బావిలో తేలింది.

కాలు జారిందన్నారు. ఎవరన్నారు? నారాయణ మనుషులు. తాను తవ్వించిన బావి అంచు యాడుందో ఆమెకు తెలీదా?

దాపరికమెందుకు, ఆమె మా జేజి. మా నాయినను కన్నతల్లి.

ఆ నారాయణ మనమడే శశిధర్. సదువుకున్నోడు. ఫోను మ్యాపులో ఊర్ల పేర్లు, దారులు, గుర్తులు తెలుగులో ఎక్కించే పనికి కుదిరినాడు. బావి కాడికొచ్చి, వేలితో ఒక నొక్కు నొక్కి, "నారాయణ బావి" అని రాసి పోయినాడు. వాళ్ళ వంశంలో నలభై మంది ఎవరి ఫోన్లో వాళ్ళు 'నిజమే, నిజమే' అని ఒత్తినారు. అయిపాయ.

టీ అంగడి ఉస్మాన్ అడగనే అడిగినాడంట: "ఏం శశీ, అలివేలమ్మ బాయి మీ అబ్బ బాయి ఎప్పుడాయ?"

"మ్యాపులో ఎక్కినప్పుడే మామా. మ్యాపులో ఉండేదే నిజం."

"ఆమెకు చెప్పినావా మరి?"

"ఫోన్ నెంబరుంటే ఇయ్యి మామా, చెప్తా!"

అంగడంతా నవ్విందంట. నవ్వినోళ్ళ పేర్లు గూడా నాకు తెలుసు.

ఈ కార్తీకంలో వానలు పడినాయి గదా, అప్పుడు. శశిధర్ పులివెందుల నుంచి జమ్మలమడుగుకు బైకు మీద ఇంటికి పోతాండాడు. రాత్రి తొమ్మిది దాటింది. ముందర వంక పొంగి లారీలన్నీ నిలబడిపోయినాయి. హ్యాండిలుకు బిగించిన ఫోను ఒక పక్కదారి చూపించింది. నేను ఎక్కించిన దారే గదా అని మళ్ళినాడు.

"ఎనిమిది వందల మీటర్ల తర్వాత ఎడమవైపుకు తిరగండి."

రేడియోలో వార్తలు చదివే గొంతు. తిరిగినాడు. మట్టిదారి... రెండు పక్కలా కంపచెట్లు. ఇంటికి ఇరవైతొమ్మిది కిలోమీటర్లని తెర మీద ఉంది. పది నిమిషాలు పోయినాడు. ఇరవైతొమ్మిదే. ఇంకా పది నిమిషాలు పోయినాడు...

ఇరవైతొమ్మిదే.

"తూర్పుకు మళ్ళుకో."

శశిధర్‌కు నవ్వొచ్చింది. తూర్పు, పడమర అని దారి చెప్పేది మన పల్లెలోళ్ళు. ఫోను ఎప్పుడూ చెప్పలే. కంపెనీవాళ్ళు సీమ మాట గూడా నేర్పించినారే అని లోపల సంబరపడినాడు.

"గుండు దాటినాక దక్షిణానికి పా, నాయినా."

గొంతు మారింది. పెద్దామె గొంతు. నీళ్ళు మింగినట్లుండే గొంతు...

తెర దిక్కు చూసినాడు. కిలోమీటర్లు లేవు, మీటర్లు లేవు. "ఏడు మట్లు" అని ఉంది. ఫర్లాంగు మాదిరి ఏదో పాతకాలం కొలత అనుకున్నాడు. ఏడే గదా, తారురోడ్డు దగ్గరికొచ్చినట్లుందని బండిని ఇంకా వేగంగా పోనిచ్చినాడు.

"ఏడు మట్లు... రా."

"ఏడు మట్లే నాయినా... రా."

ముందర చక్రం బండకు కొట్టుకుంది. బైకు ఒక పక్క, వాడొక పక్క. ఫోను ఎగిరి ముందుకు పోయింది. అది కింద పడిన చప్పుడు ఎంతసేపటికీ వినపడలే.

తర్వాత... శానా లోతు నుంచి—

"వస్తివా. దిగు."

వాని కుడికాలు గాలిలో ఏలాడతాంది. కింద నేల లేదు. బండను కరుచుకొని, కన్ను మూయకుండా, తెల్లారిందాక అట్లే ఉండిపోయినాడంట.

పల్లెల్లో పాలకు పోతాన్న వాహిద్ చూసి, చంకల కింద చేతులేసి ఈడ్చినాడు. వాడు అడిగిన మొదటి మాట ఇది.

"మామా... మట్టంటే ఎంత దూరం?"

"దూరమేందప్పా? దారిని మట్లతో ఎవురన్నా కొలుస్తారా? నిలబడిన మనిషెత్తు ఒక మట్టు. బాయిల లోతుకు చెప్తారు. ఇదిగో, ఈ బాయి ఏడు మట్లు."

వాహిద్ టార్చి వేసి చూసినాడు. అడుగున ఉత్త బండ. ఫోను లేదు.

ఇంటికి పోతే పెండ్లాం హాసిని వాకిట్లోనే నిలబడి ఉంది. మొగుడు యాడున్నాడో తన ఫోన్లో చుక్కగా కనపడేటట్లు పెట్టుకుంది ఆ పిల్ల. "రాత్రంతా ఆ గుట్ట కాడ ఏం చేస్తాంటివి?" అని మొదలుపెట్టి, మొగుని చేతులు ఖాళీగా ఉండేది చూసి, తన ఫోన్లో చుక్క దిక్కు మళ్ళా చూసింది.

ఆ చుక్క ఆరిపోలే. పగలంతా బావిలోనే ఉంటాదంట. పొద్దుగుంకినాక కదుల్తాదంట. మొదటి రాత్రి ఇంటికి ఇరవైతొమ్మిది కిలోమీటర్లు. మరుసటి రాత్రి ఇరవైనాలుగు. ఆ పక్క రాత్రి పద్దెనిమిది. "దారిలో ఉన్నారు" అని దాని కింద తెలుగులో రాసి ఉంటాదంట.

శశిధర్ పేరు మారుద్దామని మూడుసార్లు పంపినాడు. మూడుసార్లూ ఒకటే జవాబు — స్థానికులు ఒప్పుకున్న పేరు, మార్చలేము. నలభై మంది ఒత్తినారు గదా! చిన్నాయనల కాళ్ళు పట్టుకుంటే, "అబ్బ పేరు తుడిపేస్తావా? మొగోనివేనా నువ్వు?" అన్నారంట.

మొన్న నా గడప ముందరికొచ్చి నిలబడినాడు. ఆ ఇంటి మనిషి మా వాకిలి తొక్కింది అరవై ఏండ్లలో అదే మొదలు. మీ పక్క మనుషులతో ఒత్తించు పెద్దాయనా అని ఏడ్చినాడు. కూర్చోమనలే. మంచినీళ్ళు గూడా ఇయ్యలే. మా జేజి ఇచ్చిన నీళ్ళు చాలు వాళ్ళకు.

కానీ పేరు నాకు గావాల. మా పక్క మిగిలింది ఆరుమంది, ఫోను ఒత్తేది ఒక్కరికీ రాదు. అందుకని ఇది చదివినోళ్ళను అడుగుతాండా. మ్యాపు తెరవండి. తొండూరు దాటినాక, సున్నపురాళ్ళ గుట్ట కింద, నారాయణ పేరు కొట్టేసి "అలివేలమ్మ బావి" అని రాయండి. నలభైకి ఒకరు ఎక్కువైనా చాలు. తవ్వించినామె పేరు తవ్వించినామెకు ఇయ్యండి.

హాసిని ఫోన్లో నిన్న రాత్రికి నాలుగు కిలోమీటర్లంట. తొందరపడమని మాత్రం నేను అడగను.