బియ్యం డ్రమ్ములో మోగిన ఫోను

కుయ్... కుయ్... కుయ్! ఎక్కడో లోతున, గొంతు నొక్కిన పిట్ట కూసినట్టు ఒక చప్పుడు!

వంటింట్లో వడియాలు వేయిస్తున్న సుప్రియ చేతిలో గరిటె ఆగిపోయింది. అది కూతురు లహరి ఫోను! పదేళ్ల పసిదాని చేతికి అంటించిన సెన్సారు, ఒంట్లో చక్కెర పడిపోతోందని ఆ ఫోనులోంచి తల్లికి వేసే కేక! పొయ్యి కట్టేసి వెతికింది. అలమరలో లేదు... గూట్లో లేదు... చివరికి బియ్యం డ్రమ్ము మూత తీసి మోచేతిదాకా చేయి ముంచితే, తువ్వాలులో చుట్టిన ఫోను తగిలింది!

వెనకగదికి పరుగెత్తింది. బయట గడియ వేసి ఉంది! తీస్తే, లోపల లహరి చెమటతో తడిసి, వణుకుతూ...

"అమ్మా... పిలిచినాను... ఎవురూ పలకలా..."

సుప్రియ గ్లూకోజు కలిపి గుక్కగుక్కగా తాగించింది. పావుగంటకు పాప పెదవులకు రంగు తిరిగింది. అప్పుడు రగిలింది తల్లి గుండె!

హాల్లో, మరిది గిరిబాబుకు పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసిపోదామని కావలి నుంచి వచ్చిన పెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే అడిగింది.

"అత్తయ్యా! ఈ ఫోను బియ్యంలో దాచి, బిడ్డను గదిలో పెట్టి గడియేసింది మీరేనా?"

ఆదిశేషమ్మ ముఖం పాలిపోయింది. "మెల్లగా మాట్లాడు తల్లీ! ఇంట్లో బిడ్డకు షుగరుండాదని తెలిస్తే ఈ సంబంధం నిలబడతాదా? గంటసేపే గదా అని..."

"గంటసేపా! ఆ గంటలో నా బిడ్డ పోయుంటే? సూది ఎట్లా వెయ్యాల, చెమట పడితే ఏం చెయ్యాల నేర్పుతానని ఆసుపత్రిలో నర్సమ్మ ఇంటిల్లిపాదినీ పిలిచింది. అందరం పోయినాం! మీరొక్కరే గేటు దగ్గర ఆగిపోయినారు. అంత నామోషీనా అత్తయ్యా?"

"నామోషీ కాదమ్మా... భయం!" ఆదిశేషమ్మ కూలబడిపోయింది. "నలభై ఏళ్ల కిందట, అట్లాంటి గేటు బయటే నిలబెట్టినారు నన్ను! అప్పట్లో ఉచ్చ నీలం మందులో కాచి, మారిన రంగును బట్టి షుగరెంతో చూసేవాళ్లు. పొద్దున్నే సూది వేసి పోయేవాళ్లు. తల్లికి సాయంత్రం ఒక్క గంటే లోపలికి దోవ! నా ఆరేళ్ల బిడ్డ అన్నం తినిందో లేదో చూసే దిక్కు లేదు... చెమటలు పట్టి, అమ్మా అని పిలిచిందంట. నేను క్యారేజీ పట్టుకొని గేటు బయట..."

ఈ ఇంట ఆ బిడ్డ పుట్టినట్టే సుప్రియకు తెలియదు! జాలి కలిగింది... కానీ కోపం తగ్గలేదు, రెట్టింపయింది.

"పలికే దిక్కులేక బిడ్డను పోగొట్టుకున్న మీరే, నా బిడ్డ కేకను బియ్యంలో పూడ్చినారా అత్తయ్యా!"

ఆదిశేషమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "తప్పే తల్లీ! దాని పేరెత్తితే మిగతా పిల్లలకు సంబంధాలు రావన్నారు మీ మామయ్య. ఎత్తలేదు... ఇన్నేళ్లూ ఎత్తలేదు!"

గోడ పట్టుకొని లహరి వచ్చి నిలబడింది. "నాయనమ్మా, ఆ అత్త పేరేంది?"

ఆదిశేషమ్మ కావలి పెద్దల వైపు ఒకసారి చూసింది. మనవరాలిని దగ్గరకు లాక్కుని, చేతి మీది సెన్సారును మొదటిసారి వేళ్లతో తడిమింది. తర్వాత వీధి గుమ్మందాకా వినబడేటట్టు, ఒక్కొక్క అక్షరమూ విడదీసి పలికింది.

"మస్తానమ్మ!"