ఆకాశరామన్న చిరునామా

“ఈ దస్తూరి ఎవరిది తెరేసా?”

మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా వంటగది గుమ్మంలో నిలబడి భర్త అడిగిన ఆ ప్రశ్నకి తెరేసమ్మ ఉలిక్కిపడింది. వారుస్తున్న గంజి వేళ్ళ మీద ఒలికింది. అయినా ఆమె చెయ్యి తీయలేదు! పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఏసుపాదం ఆఫీసు వదిలి ఈ వేళకి ఇంటికి రావడం ఎరగదు. ఆయన చేతిలో నాలుగు మడతల నలిగిన కాగితం. కాగితం నిండా ఆఫీసు ముద్రలు, మూడు రంగుల సిరాలతో సంతకాలు. ఆ ముద్రల మధ్య, వరసగా, పొందికగా... ఆమె అక్షరాలే!

“నాదేనండీ...” అంది.

“నీదేనని నాకు తెలియక అడిగాననుకున్నావా? ఇది ఇవాళ పొద్దున్న నా టేబులు మీదికొచ్చింది! దీనికి జవాబు రాయాల్సింది ఎవరో తెలుసా? నేను! నీ మొగుణ్ణి!”

తెరేసమ్మకి ఒక్క క్షణం ఆయన మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అలాగే గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది.

ఏసుపాదం బెజవాడలో కాలవల ఆఫీసులో గుమాస్తా. ఊళ్ళనుంచి వచ్చే అర్జీలకి జవాబులు తయారు చేసే సీటు ఆయనది. పందొమ్మిదేళ్ళుగా ఆయన రాస్తున్న జవాబు ఒక్కటే. ‘ఆరోపణలు విచారించగా నిరాధారములని తేలినది.’ ఆ వాక్యం రాసిన రోజున ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. లంచం ముట్టని మనిషి, కానీ ముట్టినవాళ్ళని కాపాడే వాక్యం మాత్రం ఆయన కలంలోంచే రావాలి! అర్జీ ఎక్కడికి పంపినా, చివరికి హైదరాబాదు పంపినా, అక్కణ్ణుంచి ‘తగు విచారణ నిమిత్తం’ అంటూ మెట్టు మెట్టూ దిగి, ఎవరి మీద రాశారో ఆ అధికారి దగ్గరికే వస్తుంది. ఆయన దాన్ని ఆఫీసుకి తోస్తాడు. ఆఫీసు ఏసుపాదానికి తోస్తుంది. ఈ సంగతి భర్త చెప్పగా తెరేసమ్మ వందసార్లు విన్నదే!

మరి తెలిసీ ఎందుకు రాసింది?

ఎందుకంటే ఆ ఏడు అందరిలోనూ ఒక ఆశ పుట్టింది. ఎమర్జెన్సీ వచ్చి ఏడాది కావస్తోంది. రైళ్ళు వేళకి నడుస్తున్నాయన్నారు. గుమాస్తాలు పదింటికల్లా కుర్చీల్లో ఉంటున్నారన్నారు. ఉగాది వెళ్ళగానే కాలవల ఆఫీసుకి కొత్త ఇంజనీరు గారు వచ్చారు. వచ్చిన వారానికే వరండాలో ఒక ఆకుపచ్చ పెట్టె మేకులు కొట్టి బిగించి, తాళం తన దగ్గరే పెట్టుకుని, “ఎవరైనా సరే, పేరు రాయకపోయినా సరే, నేనే తెరుస్తాను, నేనే చదువుతాను” అన్నారు. ఆ సాయంత్రం ఏసుపాదం ఇంటికి వచ్చి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ, “తెరేసా! నా సీటు ఎత్తేసే రోజు వచ్చిందే! ఇక అర్జీలు నాదాకా రావు!” అన్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో! ఆ రాత్రి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అది చూసిన కళ్ళతోనే ఆమె ఆ పెట్టెని నమ్మింది.

పైగా రాయడానికి కారణం పుట్టింట్లోనే ఉంది. ఆమె తమ్ముడు శౌరయ్యది బంటుమిల్లి అవతల శివారు ఊరు. కాలవ చివర మూడెకరాలు. రెండేళ్ళుగా ఆ చేలకి నీరెక్కడం లేదు. ఏటా ఎండాకాలం కాలవ కట్టేసి పూడిక తీస్తారు. ఎంత లోతు తవ్వారో కొలవడానికి మధ్యమధ్య మట్టి దిమ్మలు తవ్వకుండా వదులుతారు. దిమ్మ ఎంత ఎత్తుంటే అంత లోతు తవ్వినట్టు లెక్క. ఈ ఏడు కాంట్రాక్టరు హనుమయ్య మనుషులు అడుగు లోతు గీకి, దిమ్మల మీద మూడడుగుల మట్టి పోసి, ఎవరికీ అనుమానం రాకుండా పైన గడ్డి చెక్కలు అతికించారు. శౌరయ్య గట్టు మీద నిలబడి కళ్ళారా చూశాడు! పై అధికారి జీపు దిగకుండానే కొలతల పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తమ్ముడు చెప్పి ఏడ్చిందంతా తెరేసమ్మ పూసగుచ్చినట్టు రాసింది. పేరు మాత్రం రాయలేదు. చర్చికి వెళ్ళే దారిలో, తమ్ముడికి తప్ప ఎవరికీ, భర్తకి కూడా చెప్పకుండా, ఆ ఆకుపచ్చ పెట్టెలో వేసింది.

“పెట్టె ఆయనే తెరిచాడు, ఆయనే చదివాడు. చదివి ‘విచారించి వారంలో నివేదిక పంపండి’ అని కింద రాశాడు. అంతే!” ఏసుపాదం కాగితాన్ని మళ్ళీ మడతలు పెట్టాడు. “అక్కణ్ణుంచి పాత మెట్లే! ఒక్కటి కూడా తప్పలేదు! నాతో ఒక్క మాట చెప్పకూడదా తెరేసా?”

“చెబితే మీరు వద్దంటారని...”

“అంటాను! ఎందుకంటానో కూడా నీకు తెలుసు!”

పెరట్లో చింతపండు పిక్కలు తీస్తున్న అత్తగారు అమలమ్మ అంతా వింటూనే ఉంది. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. “మరియ మాతా! ఎంత పని చేశావే అమ్మాయీ! మీ పుట్టింటి కాలవ పారడానికి మా ఇంటి పొయ్యి ఆర్పుతావుటే? చదువుకున్న కోడలు, చదువుకున్న కోడలు అని గుణదలంతా చెప్పుకున్నాను. ఆ చదువు ఇందుకు పనికొచ్చింది!”

“అమ్మా, నువ్వుండు.”

“నేనుండకేం, ఉంటాను. ఉద్యోగం ఉంటుందా అని!”

తెరేసమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. కాలిన వేళ్ళు అప్పుడు మండాయి.

ఆ సాయంత్రమే ఆఫీసు సూపర్నెంటు సంజీవరావు గారు వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి! వచ్చి, వాలుకుర్చీలో కూలబడి, కాఫీ అడిగి మరీ పుచ్చుకున్నారు.

“చెల్లెమ్మా, కాఫీ దివ్యంగా ఉంది. మీ చేతి కాఫీ బాగుంటుంది. మీ చేతి రాత అంతకన్నా బాగుంటుంది. కిందటేడు మా రెండోదాని పెళ్ళికి శుభలేఖల మీద పేర్లన్నీ మీరే రాశారు కదూ? మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.”

తెరేసమ్మ చేతులు కొంగులో దాచుకుంది. ఏసుపాదం తల దించుకున్నాడు.

“నేను బయటపెట్టను. పెడితే నాకేం వస్తుంది? ఏసుపాదం, రేపు ఒక్క ముక్క రాసెయ్. ‘ఆకాశరామన్న అర్జీ. ఆధారములు లేవు.’ ఊరూ పేరూ లేని అర్జీకి విచారణ లేదని రూలే ఉంది. పాపం ఆ కొత్తాయనకి పెట్టె పెట్టడం తెలుసు గానీ రూలు తెలియదు.” ఆయన నవ్వి, గ్లాసు కింద పెట్టారు. “అన్నట్టు, పనికిమాలిన వాళ్ళని రిటైరు కాకముందే ఇంటికి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆఫీసులో అవినీతిని ఏరిపారేస్తారట! ఆ పేర్ల జాబితా తయారు చేసే పని నాకే పడింది. ఏం చేస్తాం, ఎమర్జెన్సీ!”

ఆయన వెళ్ళిపోయారు. అవినీతిని ఏరే జాబితా ఆ చేతుల్లోనే! తెరేసమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వచ్చి భర్త కాళ్ళ దగ్గర కూర్చుంది. “రాసెయ్యండి... నిరాధారమని రాసెయ్యండి. పిల్ల ఇంటరు చదువుతోంది. అత్తయ్యగారికి మందులు... నాదే తప్పు. నా తమ్ముడికి నేను చెప్పుకుంటాను.”

ఏసుపాదం ఆమె తల మీద చెయ్యి వేసి తీసేశాడు.

తెల్లవారి ఆయన బయల్దేరబోతుండగా శౌరయ్య దిగాడు. మొదటి బస్సుకి వచ్చినట్టున్నాడు, కాళ్ళనిండా దుమ్ము. సంచిలో తాటి ముంజెలు, ముఖంలో వెలుగు!

“అక్కయ్యా! కాయితం పనిచేసింది! కొత్తాయన చదివాడంట, కాలవకి నీళ్ళొదిలే మా లస్కరు చెప్పాడు. బావా, ఆయన ఎప్పుడొస్తాడు? దిమ్మలు అట్టాగే ఉన్నాయి. హనుమయ్య మనుషులు తవ్వెయ్యకుండా మేం పదకొండు మందిమి వంతులేసుకుని కాపలా కాస్తన్నాం. మా ఆదెమ్మత్త అయితే దిమ్మ పక్కనే మంచమేసింది! కాలవలో మంచవేంటే అంటే, నీళ్ళొచ్చినప్పుడు తీస్తాలే, ఎట్టాగూ రావుగా అంటది!”

అతను తనే పడీపడీ నవ్వాడు. తెరేసమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పదో తారీకున నీళ్ళొదులుతారంట. ఈలోగా రావాల బావా. నీళ్ళు పారితే ఇంకేం చూస్తాడు? వస్తాడు కదూ?”

ఏసుపాదం బావమరిది ముఖంలోకి చాలాసేపు చూశాడు. “కాళ్ళు కడుక్కో శౌరీ. మీ అక్క కాఫీ ఇస్తుంది” అని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు తెరేసమ్మ ఎలా గడిపిందో ఆ తల్లి మరియమ్మకే తెలియాలి! ‘నిరాధారము’ అన్న మాట ఆయన చేత రాయించింది తనేనన్న బాధ ఒకవైపు. పెరట్లో పంపు కింద ఈలవేస్తూ స్నానం చేస్తున్న తమ్ముడు ఇంకొకవైపు...

సాయంత్రం ఏసుపాదం వచ్చి, చొక్కా విప్పి దండెం మీద వేసి, మామూలుగా మంచినీళ్ళు అడిగాడు. తాగాక చెప్పాడు.

“రాశాను. ‘ఈ అర్జీ ఆకాశరామన్నది కాదు. రాసింది నా భార్య తెరేసమ్మ. చూసింది నా బావమరిది శౌరయ్య. నీళ్ళు వదలకముందు దిమ్మల్ని తవ్విస్తే నిజం తేలుతుంది. నాకు సంబంధం ఉన్న విషయం కనక విచారణ వేరెవరికైనా అప్పగించవలసింది’ అని రాసి సంతకం పెట్టాను. సంజీవరావు గారు చింపెయ్యమన్నారు. అప్పటికే పేజీకి నంబరు వేసి, ఇంజనీరు గారి గదిలో పెట్టేశాను.”

“మరియ మాతా!” అంది అమలమ్మ. సిలువ గుర్తు వేసుకుంది.

“ఎందుకు చేశారండీ... నా కోసమా?” తెరేసమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

“నీ కోసమే అనుకున్నాను మొదట. రాస్తూ ఉంటే... చేయి తేలికయింది తెరేసా. అంతే.”

శౌరయ్య లేచి బావ చెయ్యి పట్టుకున్నాడు. పొద్దుటి నవ్వు లేదు. తను అడిగింది ఎంత ఖరీదైనదో అతనికి అప్పుడు అర్థమైంది!

కొత్త ఇంజనీరు గారు మంచివారే. ఆ మాట తెరేసమ్మ ఎన్నడూ కాదనలేదు. కాగితం చదివి, సోమవారం తానే స్వయంగా వచ్చి దిమ్మలు తవ్విస్తానన్నారు. శౌరయ్య ఎగురుకుంటూ ఊరికి వెళ్ళాడు. కానీ ఆదివారం తెల్లవారేసరికి కాలవలో నీళ్ళు! పదో తారీకున రావలసిన నీళ్ళు నాలుగు రోజుల ముందే వదిలేశారు. నారుమళ్ళకి కావాలని పై ఊళ్ళ రైతులు అడిగారట. ఎవరు అడిగారో, ఎవరు వదలమన్నారో చెప్పేవాళ్ళు లేరు. ఆదెమ్మ మంచం నిజంగానే తడిసింది. దిమ్మల్ని ముంచేందుకు చాలినన్ని నీళ్ళు వచ్చాయి; చేలల్లోకి ఎక్కేందుకు మాత్రం చాలలేదు! సోమవారం జీపులో వచ్చిన ఇంజనీరు గారు గట్టు మీద నిలబడి ఎర్రని నీళ్ళకేసి చూసి వెళ్ళారు. ‘రుజువు కాలేదు’ అని రాయక ఆయనకీ గత్యంతరం లేకపోయింది.

తరవాత ఏసుపాదాన్ని గదిలోకి పిలిచి, కూర్చోమని, “పెట్టె నాదే ఏసుపాదం గారూ. పెట్టెలోంచి కాగితం నడిచే దారి మాత్రం నాది కాదు. అది చూసుకోకుండా మీ ఆవిడ చేత రాయించాను. క్షమించమని చెప్పండి” అన్నారట. పదిహేను రోజుల్లో ఆయన్ని హైదరాబాదులో నక్షాలు గీసే సెక్షనుకి మార్చారు. ఏసుపాదాన్ని రాష్ట్రం ఆ చివరనున్న పోచంపాడుకి బదిలీ చేశారు. జాబితాలో పేరు చేర్చకుండా బదిలీతో సరిపెట్టించింది తానేనని సంజీవరావు గారు కబురు పంపారు, దానికి సంతోషించాలన్నట్టు!

ప్రయాణం రోజు రానే వచ్చింది. పిల్ల చదువు కోసం తెరేసమ్మా, అమలమ్మా ఇక్కడే ఉండాలి. రెండు కాపురాలు! తెరేసమ్మ చొక్కాలు మడతపెడుతూ, పెట్టిన మడతే మళ్ళీ విప్పి పెడుతోంది. అమలమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ, ఎవరితోనూ కాకుండా, “మావాడు చిన్నప్పుడు పలక మీద తప్పు రాస్తే తనే చెరిపేసి, తనే గోడకి నిలబడేవాడు... నడుమ ఇన్నేళ్ళు ఏమైపోయాడో అనుకున్నాను” అంది. కోడలి వైపు చూడకుండానే, “కాలిన వేళ్ళకి నెయ్యి రాశావుటే?” అని అడిగింది. మూడు వారాల కిందటి కాలిన గాయం! తెరేసమ్మ అత్తగారి భుజం మీద తల వాల్చి బావురుమంది.

అంతలో శౌరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లక, చెప్పులు విడవక, అక్కడే. జేబులోంచి పెన్సిలుతో రాసిన కాగితం తీశాడు.

“బావా, ఈ మాట అడగటానికి నాకు నోరు రావట్లా. నీ కాపురం నిలువునా చీల్చిన వాణ్ణి... కానీ మా పదకొండు మందీ ఈసారి పేర్లతో పెడతామంటన్నారు. నీరెక్కలా. నారు ఎండిపోతంది. అక్కయ్య సాపు రాసిపెడితే...”

“వద్దు శౌరీ!” తెరేసమ్మ గొంతు చించుకుని అరిచింది. “ఎక్కడికి పంపినా ఆ సీటుకే వస్తుంది! ఇప్పుడా సీట్లో మీ బావ కూడా లేడు! ఎవరో ఒకడు నిరాధారమని రాసేస్తాడు. ఎందుకు? ఇంకా ఎందుకురా?”

ఏసుపాదం పరుపు చుట్టకి తాడు బిగించి ముడివేశాడు. లేచి, బల్ల మీద తెల్లకాగితాలూ, తన కలమూ పెట్టి, కుర్చీ లాగాడు.

“రాస్తాడు. నిరాధారమనే రాస్తాడు. రాసేటప్పుడు వాడికి కూడా ఆ పూట అన్నం సయించకూడదు తెరేసా. అందుకైనా రాయి.”

ఆమె కళ్ళు తుడుచుకుని కూర్చుంది. తమ్ముడి కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో పేరూ, తండ్రి పేరూ, ఊరూ, సర్వే నంబరూ వరసగా ఎక్కించింది. పదకొండు పేర్లు. ఆఖరిది ఆదెమ్మది.

“అయిపోయిందండీ.”

“ఇంకొకటి ఉంది” అన్నాడు ఏసుపాదం. “అన్నిటికన్నా పైన నీ పేరు రాయి. ఇంటి నంబరుతో సహా.”

బయట రిక్షావాడు గంట కొడుతున్నాడు. తెరేసమ్మ కలం వణక్కుండా పట్టుకుని, ఒక్కో అక్షరం నిలిపి తన పేరు రాసింది. సిరా ఆరేదాకా నలుగురూ ఆ కాగితం చుట్టూ నిలబడ్డారు.