గోడ మీది ఏనుగు

"అది కాదు నాన్నా! అది కాదు!"

పిచ్చుక అరిచిన అరుపుకి కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా నురగ. నాన్న చెయ్యి బెంచీ మీదున్న పిల్లల పత్రిక దాకా వెళ్ళి ఆగిపోయింది.

"కత్తి చేతిలో ఉన్నప్పుడు అలా అరవకూడదమ్మా. ఆయన చెవి తెగితే ఎవరు అతికిస్తారు?" అన్నాడు నాన్న.

"ఇంకోటి ఉందిలే," అన్నాడు పెద్దాయన నురగలోంచి.

పిచ్చుక గబగబా పాత న్యూస్‌పేపర్ తెచ్చి అందించింది. నాన్న అందులోంచి ఒక ముక్క చించి, కత్తికి అంటిన నురగ తుడిచాడు. పిచ్చుక పత్రికను గుండెలకు హత్తుకుని మూలనున్న స్టూలెక్కి కూర్చుంది.

ఆమె అసలు పేరు పిచ్చుక కాదు. సన్నగా ఉంటుందని, మూలన ఒదిగి కూర్చుంటుందని సెలూన్‌కి వచ్చేవాళ్ళు పెట్టిన పేరది. పేరైతే పెట్టారు కానీ ఎవరూ ఆమెతో పెద్దగా మాట్లాడరు. గడ్డం గీయించుకుని, అద్దంలో ఒకసారి మొహం చూసుకుని వెళ్ళిపోతారు.

వాళ్ళు ఈ ఊరికి వచ్చి ఏడాది కావస్తోంది. కొత్త బడిలో అందరికీ ముందే స్నేహితులున్నారు. పిచ్చుకను ఎవరూ ఏమీ అనరు. అసలేమీ అనకపోవడమే ఆమె బాధ. అమ్మది బట్టల మిల్లులో రెండో షిఫ్టు. పిచ్చుక బడి నుంచి వచ్చేసరికి అమ్మ వెళ్ళిపోయి ఉంటుంది. అమ్మ తిరిగొచ్చేసరికి పిచ్చుక నిద్రలో ఉంటుంది. ఇల్లు సెలూన్ పైనే. కానీ ఖాళీ ఇంట్లో గడియారం చప్పుడు వింటూ ఎంతసేపని కూర్చుంటుంది? అందుకే కిందకి వచ్చి స్టూలెక్కేది.

మొదట్లో ఏమీ తోచక, సబ్బు డబ్బా మీద అక్షరాలు చదివేది. తర్వాత నాన్న చించిన కాగితం ముక్కలు చదివేది. ఒక ముక్కలో దొంగ పారిపోతూ ఉండేవాడు. దొరికాడో లేదో ఇంకో ముక్కలో ఉండేది. ఆ ముక్కేమో నురగతో తడిసి చెత్తబుట్టలో పడి ఉండేది.

ఒకరోజు నాన్న కొన్న పాత కాగితాల కట్టలో పిల్లల పత్రిక ఒకటి కనిపించింది. అందులో 'రైలు దిగిన ఏనుగు' అని ఒక సీరియల్. సర్కస్ వాళ్ళ రైలు ఎక్కడో ఆగుతుంది. గున్న ఏనుగు నీళ్ళు తాగడానికి దిగుతుంది. అది తాగి తలెత్తేసరికి రైలు కదిలిపోతుంది. రైల్లో వాళ్ళమ్మ ఉంది. ఇక ఆ గున్న పట్టాల పక్కనే నడవడం మొదలుపెడుతుంది.

పిచ్చుక ఆ పేజీల్లోకి వెళ్ళిపోయింది. నాన్న అన్నానికి పిలిస్తే వినిపించలేదు. తలెత్తి చూసేసరికి లైటు వేసి ఉంది. ఎప్పుడు చీకటి పడిందో కూడా తెలియలేదు. ఈ ఊరికి వచ్చాక ఒక సాయంత్రం అంత తొందరగా గడవడం అదే మొదలు.

అది చూసి నాన్న నెలనెలా ఆ పత్రిక తెప్పించడం మొదలుపెట్టాడు. "చదువుకో తల్లీ. కానీ ఇది సెలూన్‌ది. వచ్చినవాళ్ళు కూడా చదువుకుంటారు," అన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వచ్చినవాళ్ళు పత్రికను మడత పెట్టేవాళ్ళు, విసనకర్రలా విసురుకునేవాళ్ళు. ఒకాయన టీ గ్లాసు ఏనుగు బొమ్మ మీదే పెట్టాడు. గుండ్రటి మరక పడింది. పిచ్చుకకు ఏడుపొచ్చింది.

వాళ్ళందరికంటే ఎక్కువ కోపం మాత్రం కళ్ళజోడు పిల్ల మీద. ఆ పిల్లకు పిచ్చుక వయసే ఉంటుంది. వాళ్ళ తాతయ్య గడ్డం గీయించుకుంటుంటే, బెంచీ చివర కూర్చుని ఆ సీరియలే తీసేది. వేలు పెట్టి నెమ్మదిగా చదివేది. తాతయ్య గడ్డం పని అయ్యేలోపు కొంచెమే అయ్యేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. పిచ్చుక కూడా పలకరించలేదు. 'అది నా ఏనుగు. నీకెందుకు?' అని మనసులో అనుకునేది.

ఒక సాయంత్రం పిచ్చుక పత్రికలన్నీ పైకి తీసుకెళ్ళింది. కత్తెర పట్టి సీరియల్ పేజీలన్నీ కత్తిరించింది. బొమ్మలున్న వైపు పైకి వచ్చేలా, మంచం పక్క గోడకి జిగురుతో అంటించింది. మిగిలిన పత్రికలు కింద బెంచీ మీద పెట్టేసింది. పడుకుంటే ఏనుగు తననే చూస్తున్నట్టుంది. ఇక అది తన ఒక్కదానిదే.

మర్నాడే కళ్ళజోడు పిల్ల తాతయ్యను చెయ్యి పట్టి లాక్కుంటూ వచ్చింది.

"ఏంటి తాతా, నిన్ననేగా గీశాను?" అన్నాడు నాన్న.

"ఏం చెయ్యను? ఇది కూర్చోనిస్తేగా! గడ్డం పెరిగిందంటుంది, పదమంటుంది. ఉంటే గియ్యి, లేకపోతే ఊరికే నురగ పూసి తుడిచెయ్యి."

సెలూన్‌లో అందరూ నవ్వారు. కళ్ళజోడు పిల్ల మాత్రం అప్పటికే పత్రిక తెరిచింది. పేజీలు తిప్పింది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. ఇంకో పత్రిక తీసింది. బెంచీ కిందకి వంగి చూసింది. కళ్ళజోడు తీసి, గౌను అంచుతో తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"తాతయ్యా, ఏనుగు లేదు," అంది. ఆ గొంతు వినడం పిచ్చుకకు అదే మొదలు.

తాతయ్య అద్దంలోంచే నాన్నను చూశాడు. "నురగ తుడవడానికి చించేశావేంటయ్యా? ఏనుగు వంతెన మీదుంది, ఎదురుగా రైలొస్తోంది, ఏమైందో అని నా ప్రాణం తీస్తోంది. ఇంట్లో దీనికి నేను తప్ప ఎవరున్నారు?"

నాన్న మొహం చిన్నబోయింది. "నేనే పొరపాటున చించానేమో తాతా. చూసుకోలేదు. ఏమీ అనుకోకమ్మా," అన్నాడు ఆ పిల్లతో.

పిచ్చుక స్టూలు మీద బిగుసుకుపోయింది. 'కత్తిరించింది నేనే' అనాలనుకుంది. కానీ స్టూలు దిగలేదు. కళ్ళజోడు పిల్ల పత్రికను జాగ్రత్తగా బెంచీ మీద పెట్టి, తల వంచుకుని తాతయ్య వెనక వెళ్ళిపోయింది. చెయ్యి పట్టి లాగలేదు.

పిచ్చుక పైకి వెళ్ళి పేజీలు ఊడదీయబోయింది. జిగురు రాయిలా పట్టేసింది. గోరు పెట్టి లాగితే ఏనుగు చెవి చిరిగిపోయింది. మంచం మీద కూలబడింది. ఏనుగు ఎదురుగానే ఉంది. అయినా ఇల్లు మునుపటికంటే ఖాళీగా అనిపించింది.

తర్వాతిసారి తాతయ్య ఒక్కడే వచ్చాడు.

"మనవరాలేది తాతా?" అడిగాడు నాన్న.

"రానంది. కథ లేని చోట నాకేం పనంది."

పిచ్చుక స్టూలు దిగింది.

"తాతయ్యా, నాన్న చించలేదు. నేను కత్తిరించాను."

నాన్న చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"మా ఇంట్లో గోడకి అంటించాను. ఇప్పుడు ఊడి రావట్లేదు. తనని పంపిస్తారా? గోడ మీదే చదువుకుంటుంది."

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది. "ఆ రోజు తాతకి నేను సారీ చెబుతుంటే నువ్విక్కడే ఉన్నావు కదమ్మా," అన్నాడు మెల్లగా. పిచ్చుక తలూపింది. కన్నీళ్ళు గడ్డం దాకా జారాయి.

తాతయ్య గొంతు సవరించుకుని, "సరే, నా గడ్డం తొందరగా కానియ్యి. వెళ్ళి పిల్లని తీసుకురావాలి," అన్నాడు.

కళ్ళజోడు పిల్ల మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. పిచ్చుక మంచం వైపు వేలు చూపించింది. ఆ పిల్ల చెప్పులు విప్పి, మంచమెక్కి, గోడకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి చదవడం మొదలుపెట్టింది.

చదివి చదివి ఒకచోట ఆగింది. పక్క పేజీ చూసింది. వెనక్కి చూసింది.

"ఇక్కడ వంతెన మీదుంది. ఇక్కడేమో నదిలో ఉంది. మధ్యలోది ఏది?"

పిచ్చుక కాగితం అంచు తడిమింది. "అది ఈ కాగితానికి వెనక వైపుంది. గోడ వైపు."

ఇద్దరూ గోడను చూశారు.

"అంటే ఇప్పుడది గోడ చదువుకుంటోందన్నమాట," అంది కళ్ళజోడు పిల్ల, నవ్వకుండా.

పిచ్చుకకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాకు గుర్తుంది. చెప్పనా?"

ఆ పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పిచ్చుక ఎదురుగా కూర్చుని చెప్పింది. వంతెన ఎలా ఊగిందో, రైలు లైటు ఎలా కళ్ళల్లో పడిందో, గున్న ఏనుగు కళ్ళు మూసుకుని నదిలోకి ఎలా దూకిందో చెప్పింది. మొదట గొంతు గరగరలాడింది. ఒక మనిషితో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"మునిగిపోయిందా?" కళ్ళజోడు పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"తొండం ఒక్కటే పైకి పెట్టింది. దాంతో గాలి పీల్చుకుంటూ ఈదింది."

"అమ్మయ్య!"

అలా ఒక పేజీ ఆ పిల్ల పైకి చదివింది. గోడలో ఉన్న పేజీ పిచ్చుక చెప్పింది. కింద నుంచి తాతయ్య రెండుసార్లు పిలిచాడు. ఇద్దరికీ వినిపించలేదు.

నెల మారింది. కొత్త పత్రిక వచ్చింది. నాన్న దాన్ని పిచ్చుక చేతికిచ్చి పనిలో పడ్డాడు. కాసేపటికి చూస్తే, పిచ్చుక స్టూలు మీద లేదు. బెంచీ చివర, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చుంది. పత్రిక ఒళ్ళో ఉంది. అట్ట మీద రెండు చేతులూ ఉన్నాయి. చూపు వీధి మీద ఉంది.

"ఏంటమ్మా, ఏనుగుకి వాళ్ళమ్మ దొరికిందా?" అడిగాడు నాన్న.

"తెలీదు నాన్నా," అంది పిచ్చుక. "తను రానీ."