నొప్పి తెలియని తమ్ముడు

రెండు తూటాలు ఒంట్లో దిగినా హంతకుడు నడక ఆపలేదు. హోటల్ లిఫ్ట్ దగ్గర ముగ్గురు గార్డుల మెడలు విరిచాడు. సర్జన్‌ను కాల్చేసి మెట్లమీదుగా వెళ్లిపోయాడు.

"మెదడులో చిప్. నొప్పి తెలియదు," అన్నాడు చీఫ్, హంతకుడి ఫోటో బల్లమీద పడేస్తూ. "ఇలాంటి ఆపరేషన్లను నిషేధించాలన్నందుకే ఆ సర్జన్‌ను చంపించారు. నిషేధం కోసం మిగతా డాక్టర్లు ఈ సాయంత్రం సమావేశమవుతున్నారు. ఒంటికి బాంబు కట్టి అక్కడికీ వీణ్నే పంపుతోంది ఈ చిప్‌లు పెట్టే విదేశీ ముఠా. పైన కోటు సర్దేది నువ్వు."

సూది అనే మారుపేరున్న ఆ ఏజెంట్ ఏడాదిగా ముఠాకు దర్జీగా నటిస్తోంది. ఫోటో చేతిలోకి తీసుకుంది.

"మా తమ్ముడు, సర్."

"తెలుసు. అందుకే నిన్ను నమ్ముతాడు."

"ప్రాణాలతో తెస్తే?"

"తేగలిగితే తీసుకురా. లేకపోతే హాలుదాకా రానివ్వకు."

మధ్యాహ్నం తమ్ముడు సూది షాపు ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడ్డాడు. భుజంమీది తూటా గాయానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. బాంబు స్విచ్ పిడికిట్లో ఉంది.

"లావయ్యావురా."

"అది బాంబు అక్కా. నీ ఎగతాళి మానవు కదా."

"ఆ చిప్ తీయించేద్దాం. నాతో వచ్చెయ్."

"ఎందుకు? నన్ను హాస్టల్లో దింపి నువ్వు బస్సెక్కిన రోజు గుర్తుందా? ఏళ్లతరబడి ఇక్కడ నొప్పి." గుండె తట్టుకున్నాడు. "ఇప్పుడు నువ్వు పోయినా, నేను పోయినా ఒకటే. హాయిగా ఉంది."

ఆమె మోకాళ్లమీద కూర్చుని ప్యాంటుమీద నీళ్లు చల్లింది.

"కదలకు. మడత నిలవాలి."

కుట్లు విప్పే బ్లేడుతో తొడ లోపలి రక్తనాళం తెగేదాకా కోసింది. నల్లగుడ్డ తడి పీల్చుకుంది. అతను అద్దంలో టై సవరించుకుంటున్నాడు.

"ఏడుస్తున్నావేంటక్కా?"

"మళ్లీ ఎప్పుడు చూస్తానో అని. ఇంకాసేపు ఉండి ఏదైనా చెప్పరా."

హాస్టల్ వార్డెన్ గురకను అనుకరించి నవ్వాడు. నవ్వుతూనే పెదాలు తెల్లబడ్డాయి. కిందికి చూశాడు. బూట్ల చుట్టూ రక్తం.

"నువ్వా?"

బొటనవేలు స్విచ్‌మీదికి జారింది. ఆమె ఆ చెయ్యి ఒడిసిపట్టి వేలు వెనక్కి విరిచింది. మరో వేలు. ఇంకోటి. స్విచ్ ఆమె అరచేతిలో పడ్డాక అతను కూలిపోయాడు. తల ఒళ్లోకి తీసుకుంది.

"నొప్పి లేదులే," అన్నాడు, అక్కను ఓదారుస్తున్నట్టు. ఆ తర్వాత ఊపిరి లేదు.

శవాన్ని తరలించాక చీఫ్ ఆమెకు మంచినీళ్లు అందించాడు.

"నిషేధం వచ్చేలోగా ఆ చిప్ మనవాళ్లకూ పెట్టించాలని పైవాళ్ల ఆలోచన. మొదట నీకే. ఈ బాధ ఉండదు."

"ముందు మీరు పెట్టించుకోండి సర్," అంది సూది. "పెట్టించుకుని ఒకసారి నా షాపుకి రండి."