ధబధబ పిల్ల, చెవిటి పిల్లి

ఇలా దగ్గరికి జరగండర్రా. ఇంకాస్త. గట్టిగా అరిచి చెప్పే కథ కాదిది.

ఆ పిల్లని ఇంటిల్లిపాదీ ధబధబ అనే పిలిచేవాళ్ళు. కోపం వస్తే నోటితో కాదు, మడమతో చెప్పేది. ఆ రోజు బడి నుంచి వస్తూనే బ్యాగు విసిరేసి నేల అదిరేలా కాలు కొట్టింది. మంచం కింద నుంచి తెల్ల పిల్లి పరుగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకుంది.

తమ్ముడికి మళ్ళీ ఆయాసం వచ్చిందని, పిల్లి బొచ్చు వాడికి పడదని డాక్టరుగారు తేల్చేశారని అమ్మ పొద్దున్నే చెప్పింది. వీధి చివర దర్జీ అత్త దాన్ని పెంచుకుంటానందట.

"వాణ్ణే ఇచ్చేయొచ్చుగా," అంది ధబధబ.

మూలన తమ్ముడు ఈల వేస్తున్నట్టు ఊపిరి పీలుస్తున్నాడు. వాణ్ణి చూస్తే ఈ పిల్ల కోపం తగ్గలేదు సరికదా, ఎవరి మీద పడాలో తెలియక ఇంకా పెరిగింది.

సాయంత్రం అత్త వచ్చింది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, దీన్నెలా పిలవాలే అని అడిగింది. ఆ సంగతి తెలిసింది ధబధబ ఒక్కదానికే. పిల్లికి పుట్టు చెవుడు. ఎంత పిలిచినా వినపడదు. మడమతో నేలను కొడితే, ఆ అదురు కాళ్ళకు తగిలి వచ్చేస్తుంది.

"నాకేం తెలుసు? నువ్వే కనుక్కో," అని మూతి తిప్పుకుంది.

మూడో రోజు అమ్మ చిరిగిన గౌను ఇచ్చి కుట్టించుకు రమ్మంది. ధబధబ ముఖం మాడ్చుకునే వెళ్ళింది. చూస్తే ఏముంది, అత్త మిషను ఆపేసి నేల మీద బోర్లా పడుకుని ఉంది. గుడ్డల బీరువా కిందికి చూస్తూ బతిమాలుతోంది. గొంతు బొంగురుపోయింది. పక్కన గిన్నెలో పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి.

"వచ్చిన దగ్గర్నుంచీ చుక్క ముట్టలేదే. నా ముఖం నచ్చలేదో ఏమో. ఇలాగే ఉంటే బతకదు."

ధబధబ వంగి చూసింది. పిల్లి డొక్కలు లోపలికి పోయాయి. ఈ మూడు రోజులూ అమ్మ మీద, తమ్ముడి మీద తిరిగిన కోపం అక్కడే ఆగి, గిర్రున వెనక్కి తిరిగింది.

"దానికి చెవుడు అత్తా. నేను కావాలనే చెప్పలేదు."

అత్త లేచి కూర్చుంది. "ఎంత పొగరే నీకు," అంది. చీర దులుపుకుని, "సరే, ఇప్పుడైనా చెప్పి ఏడు," అంది.

మడమతో రెండు దెబ్బలు చాలని చెప్పింది ధబధబ. అత్త కొట్టింది. రాలేదు. చెప్పులు విప్పి కొట్టమంది. అత్త విప్పి కొట్టింది. బీరువా కింద నుంచి తెల్ల మూతి బయటికొచ్చింది. దుమ్ము దులుపుకుని, నేరుగా అత్త దగ్గరికి నడిచి, గిన్నెలో తల పెట్టింది.

గుమ్మంలో నిలబడ్డ ధబధబకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాలు పైకి లేచింది కూడా. ఒక్క దెబ్బ కొడితే చాలు, పిల్లి పాలు వదిలేసి తన దగ్గరికి వచ్చేస్తుంది.

ఆ కాలిని మెల్లగా దించింది. చెప్పులు చేత్తో పట్టుకుని, వీధి మలుపు దాకా మునివేళ్ళ మీద నడిచింది.

ఇది గుర్తుంచుకుని మీరూ ఎవరికైనా చెప్పండర్రా. మధ్యలో కాలు నేలకేసి కొట్టుకోండి, పరవాలేదు. చివర మాత్రం మీ అడుగుల చప్పుడు వినపడకూడదు.