యథాకవచంలో దున్నపోతు

నాగూర్‌బీ ఇనుపమెట్టు పట్టుకుని దిగి, నేల మీద కాలు మోపింది. మోపిన మరుక్షణం మళ్ళీ లారీ సీట్లోనే ఉంది. చేతులు స్టీరింగ్ మీద, మొహాన అదే నవ్వు.

కింద గుమిగూడిన జనం చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగా చేస్తోందో చూడండి! అచ్చం మనిషిలాగే ఉంది" అంది ఒకావిడ మొగుణ్ణి మోచేత్తో పొడుస్తూ.

"మనిషినేనమ్మా! నన్ను దింపండి!" అని అరిచింది నాగూర్‌బీ. అరిచినంతసేపే పెదవులు కదిలాయి. తర్వాత మళ్ళీ నవ్వులోకి సర్దుకున్నాయి. చప్పట్లు ఇంకాస్త పెరిగాయి.

యథాకవచం వచ్చాక లోకంలో ఏదీ పాతబడటం లేదు. ఒక స్తంభం పాతి, వస్తువు రూపాన్ని ఒక్కసారి ముద్ర వేయిస్తే చాలు. పగిలిన గ్లాసు అతుక్కుంటుంది, చిరిగిన చొక్కా కలుసుకుంటుంది. రిపేరన్న మాటే జనం మరిచిపోయారు. బెజవాడ ఆటోనగర్‌లో సుత్తి చప్పుడు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. ఆ సుత్తుల కాలానికి గుర్తుగా మిగిలింది దున్నపోతు ఒక్కటే.

తెలుగునాట మొదటి రాక్షస లారీ అది. పాత లారీ ఛాసిస్‌కి మట్టి తవ్వే యంత్రాల టైర్లు తగిలించి ఆటోనగర్ మెకానిక్ సైదులు దాన్ని కట్టాడు. ఎగ్జిబిషన్ మైదానాల్లో తుక్కు కార్ల మీదికి ఎక్కించి నుజ్జు చేసింది అతని అక్క నాగూర్‌బీ. అంత ఎత్తు నుంచి చక్రాల ముందు ఏముందో డ్రైవరుకు కనపడదు. కింద నిలబడి సైదులు "రానీ, రానీ" అంటే పోనిచ్చేది. "ఆపు" అంటే ఎందుకని అడక్కుండా బ్రేకు తొక్కేది.

ఆ ఆటలు పోయాక దున్నపోతు షెడ్డులో పడి తుప్పు పట్టింది. వారసత్వ మండలి దాన్ని తెచ్చి, రంగులేసి, కవచం కిందికి చేర్చింది. చక్రాలు తిరగడానికి మాత్రం వీలుంచారు, పండగలప్పుడు ఆవరణలో నడిపి చూపించాలని. రంగు కింద ఇనుము సగం తుప్పే. కవచం లేకపోతే తన బరువుకు తానే కూలిపోతుంది.

ముద్ర వేసే రోజున సైదులు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ట్యాంకు నిండా డీజిలు పోయించాడు. పూజ జరుగుతున్నప్పుడు సీటు ఖాళీగా ఉంచకూడదన్నది ఆటోనగర్ పద్ధతి.

"ఎక్కక్కా. నీ బరువుకి టైర్లు పేలకపోతే అదే పదివేలు" అన్నాడు.

నాగూర్‌బీ ఎక్కి కూర్చుని పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే ముద్ర పడింది. ఏది బండి, ఎవరు మనిషి అన్న తేడా కవచానికి తెలియదు. సీటునీ, స్టీరింగ్‌నీ, నాగూర్‌బీనీ, ఆమె నవ్వునీ కలిపి దున్నపోతుగా రాసేసుకుంది. ఆనాటి నుంచి ఆమెకు ఆకలి లేదు, నిద్ర లేదు. ఏడిస్తే చెంప మీదికి జారిన చుక్క వెనక్కి వెళ్ళి కంట్లో చేరుతుంది.

సాయంత్రం జనం వెళ్ళిపోయాక మండలి అధికారి విహారి వచ్చాడు.

"మండలి కూర్చోవాలమ్మా. కవచం తీస్తే బండి కూలుతుంది. కూలితే జవాబు చెప్పాల్సింది నేను."

"నేను కూలిపోతే ఎవరు చెప్తారయ్యా?"

"మీరెందుకు కూలతారు? కవచంలో ఉన్నారుగా." అతను తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. "అయినా మీరు సంతోషంగానే కనపడుతున్నారు."

అతను గేటు దాకా వెళ్ళేవరకు నాగూర్‌బీ ఓపిక పట్టింది. టైరుకు ఆనుకుని నిలబడ్డ తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే సైదులూ, ఆ స్తంభానికి కవచం ఉందా?"

"దానికెందుకుంటది? కవచాన్ని పుట్టించేదే అది గదా."

అన్నాక గానీ ఆమె ఎందుకడిగిందో అతనికి తట్టలేదు. తట్టగానే మొహం పాలిపోయింది.

"వద్దక్కా. నా చేతుల్తో కట్టానే దీన్ని."

"నువ్వు వద్దంటే ఇలాగే కూర్చుంటా. ఎన్నాళ్ళు కూర్చోవాలో అది చెప్పు."

సైదులు చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. నడుచుకుంటూ వెళ్ళి స్తంభం పక్కన నిలబడి చెయ్యెత్తాడు.

"రానీ!"

దున్నపోతు రంకె వేసింది. ముందు చక్రాలు స్తంభం చుట్టూ ఉన్న గట్టు మీదికెక్కాయి. కింద ఛాసిస్ ఫెళ్ళున చిట్లింది, వెంటనే అతుక్కుంది. మళ్ళీ చిట్లింది, మళ్ళీ అతుక్కుంది. గేటు దగ్గర విహారి కేకలు వేస్తున్నాడు. కాపలావాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు.

"రానీ... కొంచెం ఎడమకి... రానీ, రానీ..."

స్తంభం బానెట్ చాటుకు వెళ్ళిపోయింది. సైదులు కూడా కనపడటం లేదు. గొంతొక్కటే వినిపిస్తోంది.

"ఆపు! అక్కా, ఆపు!"

కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. చక్రాల ముందు ఎవరున్నారు? ఊడ్చేవాళ్ళెవరైనా అడ్డం వచ్చారా? సైదులే జారిపడ్డాడా? లేక ఎవరూ లేరా? బండిని చంపుకోలేక అరుస్తున్నాడా? ఆ గొంతు అతను పుట్టినప్పటి నుంచీ ఆమెకు తెలుసు. అయినా ఇప్పుడు అందులో ఏముందో పోల్చుకోలేకపోయింది. ఇప్పుడు ఆపితే కాపలావాళ్ళు చక్రాలకు గొలుసులు బిగిస్తారు. ఇక ఎప్పటికీ విప్పరు.

నాగూర్‌బీ కళ్ళు మూసుకుని ఆక్సిలరేటర్ తొక్కింది.

కాంక్రీటు నలిగిన చప్పుడు. ఆవరణలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఈసారి చిట్లిన ఛాసిస్ అతుక్కోలేదు. దున్నపోతు నడుం విరిగి బోర్లా పడింది. ఊడిన తలుపుతో పాటు నాగూర్‌బీ నేలమీదికి దొర్లింది. వెనక్కి లాగే శక్తేదీ లేదు.

ఆమె లేవలేదు. మోకాళ్ళ మీద పాకుతూ ముందు చక్రం కిందికి తొంగిచూసింది. స్తంభం ముక్కలు తప్ప ఏమీ లేవు. నాలుగడుగుల అవతల సైదులు నిలబడి ఉన్నాడు, ఎత్తిన చెయ్యి దించకుండా.

"ఎవరున్నార్రా ఇక్కడ?"

"ఎవరూ లేరు."

"మరి ఆపమన్నావేం?"

సైదులు విరిగిన ఛాసిస్ వైపు చూశాడు.

"నువ్వెందుకు ఆపలేదక్కా? ఎవరైనా ఉండుంటే?"

నాగూర్‌బీ అరచేతులకు అంటిన కాంక్రీటు పొడి దులుపుకుంది.

అతను దగ్గరికొచ్చి, లేపడానికి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని చూసింది. తర్వాత పక్కనే ఉన్న టైరును పట్టుకుని, తనంతట తాను లేచి నిలబడింది.