గోరువెచ్చని హత్యలు

హత్య జరిగింది. ఆ సంగతి హంతకులకి తప్ప ఎవరికీ తెలియలేదు.

చనిపోయినవాడికీ తెలియలేదు. అతను గెస్ట్‌హౌస్‌లో దిగి, షవర్ కింద నిలబడి, ఎప్పటిలాగే శ్రుతి తప్పి పాడుకుంటూ స్నానం చేశాడు. మరుసటి వారం జ్వరం, దగ్గు, ఆసుపత్రి. డాక్టరు న్యుమోనియా అన్నాడు. బంధువులు ఏసీ పడలేదన్నారు.

పోయినవాడు ఏజెంట్ ట్వంటీసెవెన్ పార్ట్‌నర్. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ "బావా" అనే పిలుచుకునేవాళ్ళు. అంత్యక్రియలకి వెళ్తూ ట్వంటీసెవెన్ ఏడుపొస్తుందేమోనని ఇస్త్రీ చేసిన రుమాలు పట్టుకెళ్ళాడు. రాలేదు. మడత నలగకుండా తిరిగి తెచ్చాడు.

"ఒక్కసారి ఏడవండీ, మనసు తేలికపడుతుంది" అంది భార్య.

"రేపు చూద్దాంలే" అన్నాడు.

మర్నాడు చీఫ్ పిలిచాడు. తలుపు గడియ పెట్టి, ఫ్యాన్ ఆపేశాడు. రహస్యం కోసం కాదు, కాగితాలు ఎగురుతున్నాయని.

"మీవాడిది మామూలు చావు కాదయ్యా."

"ఎవరు సార్?"

"లీజియోనెల్లా."

"ఏ దేశం?"

"బాక్టీరియా." చీఫ్ గొంతు తగ్గించాడు. "అంతకుముందు మనవాళ్ళే ఇద్దరు పోయారు. ముగ్గురూ దిగింది ఆ గెస్ట్‌హౌస్‌లోనే. నీళ్ళలో ఉంటుందిట. షవర్ తుంపర పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"నీళ్ళలో ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపక్కర్లేదు. ఎక్కడైనా కాస్తో కూస్తో ఉంటుంది. నీళ్ళు గోరువెచ్చగా, కదలకుండా ఉంటే చాలు, సంసారం పెట్టేస్తుంది. వేడినీళ్ళ ట్యాంకులో అరవై డిగ్రీలుంటే చస్తుంది. దీనికి చట్టం కూడా ఉంది. వేడి తగ్గకుండా చూడాలి, వాడని కుళాయిలు వారం వారం తిప్పి నీళ్ళు వదలాలి, షవర్లు శుభ్రం చెయ్యాలి. వీటన్నిటికీ ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టాలి."

"ఇవన్నీ ఎవరు చేస్తారు సార్?"

"మనవాళ్ళని ఏరేస్తున్న విదేశీ ముఠా కనిపెట్టింది అదే" అన్నాడు చీఫ్. "ఎవరూ చెయ్యరని."

ఇవాళ మధ్యాహ్నం సంకేతాల మాస్టారు అదే గెస్ట్‌హౌస్‌లో దిగుతున్నారు. ముఠా సంకేతాలని విప్పగలిగింది ఆయనొక్కరే. వచ్చే నెల కోర్టులో ఆయన సాక్ష్యం. ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం.

"ఇంకోచోట దింపొచ్చుగా?"

"బుకింగ్ క్యాన్సిల్ చేస్తే మళ్ళీ దొరకదయ్యా."

చీఫ్ సొరుగులోంచి ఒక పెన్ను తీశాడు. ఇదివరకటి పెన్నులు తూటాలు పేల్చేవి. ఇది నీళ్ళ టెంపరేచర్ చూపిస్తుంది.

"రాస్తుందా సార్?"

"రాయదు. అక్కడ మన లేడీ ఏజెంట్ ఉంది, హాస్పిటాలిటీ కన్సల్టెంట్ వేషంలో. నువ్వు 'నీళ్ళొస్తున్నాయా?' అనాలి. ఆవిడ 'వస్తున్నాయి గానీ సన్నగా' అంటుంది. అదే కోడ్."

ట్వంటీసెవెన్ ప్లంబర్ వేషంలో, పానాల సంచీతో గేటు దాటాడు. వేషానికి తగ్గట్టు వాచ్‌మన్‌ని అడిగాడు.

"నీళ్ళొస్తున్నాయా?"

"వస్తున్నాయి గానీ సన్నగా."

ట్వంటీసెవెన్ చెయ్యి తుపాకీ మీదికి పోయింది. వంటాయన కూడా అదే మాట అన్నాడు. ఊడ్చే ఆవిడ అదే మాటకి నాలుగు తిట్లు చేర్చింది. అంతమంది ఏజెంట్లని పోషించే స్థోమత డిపార్ట్‌మెంటుకి లేదని గుర్తొచ్చి స్థిమితపడ్డాడు.

మేనేజర్ ఎదురొచ్చాడు. "ఏమయ్యా ప్లంబరూ, బాయిలర్ జోలికి మాత్రం పోకు. నలభైలో పెట్టించాను. చన్నీళ్ళు కలుపుకునే శ్రమ కూడా లేదు. పొదుపుకి షీల్డ్ కూడా ఇచ్చారు, చూశావా?"

షీల్డ్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది.

"మరి వీఐపీ సూట్?"

"అబ్బే, అది కట్టిన దగ్గర్నుంచీ ఎవరికీ ఇవ్వలేదు. వాడితే పాడైపోదూ? ఇవాళ మాస్టారితో ఓపెనింగ్."

తాళం తీసి గడప బయటినుంచే చూపించాడు. సోఫాకి కవరు. రిమోట్‌కి కవరు. షవర్‌కీ కవరు. కట్టినప్పుడు పైపుల్లోకి ఎక్కిన నీళ్ళు ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉన్నాయి.

కన్సల్టెంట్ గది కింది అంతస్తులో. గదిలో కూడా నల్ల కళ్ళద్దాలు తియ్యని మనిషి. ఆమె నడిచొస్తుంటే అత్తరు వాసన రెండడుగులు ముందొచ్చింది.

"నీళ్ళొస్తున్నాయా మేడమ్?"

"వస్తున్నాయి గానీ సన్నగా." నవ్వింది. "రిలాక్స్ అవండి. బాయిలర్ అరవైకి పెంచేశాను. సూట్‌లో కుళాయిలు పొద్దుటినుంచీ వదిలే ఉన్నాయి. మీరు టీ తాగి వెళ్ళిపోవచ్చు."

"చేతులు కడుక్కుంటాను."

"...ఊఁ."

బాత్రూంలో కుళాయి తిప్పాడు. బొటనవేలంత ధార. ఆవిరి అద్దాన్ని కమ్మేసింది. చెయ్యి కింద పెట్టి అలాగే ఉంచాడు. చర్మం ఎర్రబడటం కళ్ళతో చూశాకే కాలుతోందని తెలిసింది. ఈమధ్య అతనికి అన్నీ అలాగే ఆలస్యంగా అందుతున్నాయి. పెన్ను ముంచాడు. అరవై పైనే. గోడకి సొంత గీజర్. షవర్ తల విప్పి, క్రిములు చంపే మందునీళ్ళ గిన్నెలో నానబెట్టి ఉంది.

వాచ్‌మన్, వంటాయన, ఊడ్చే ఆవిడ నిజం చెప్పారు. ఈవిడొక్కతే కోడ్ చెప్పింది.

ఈ భవనంలో నీళ్ళ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్న మనిషి ఒక్కరే ఉన్నారు. అంటే శత్రువు.

వెనక్కి తిరిగేసరికి సైలెన్సర్ తగిలించిన తుపాకీ కనిపించింది.

"మా బావని చంపింది నువ్వేనా?"

"నేనేం చేశానండీ? మేనేజర్‌గారికి షీల్డ్ ఇప్పించాను. సూట్‌కి తాళం వెయ్యడం మంచి పద్ధతని మెచ్చుకున్నాను. మిగతాదంతా ఆయనే చేశారు. అంటే, చెయ్యలేదు." వాచీ చూసుకుంది. "మీ మాస్టారు ఈపాటికి షాంపూ పెట్టుకుంటూ ఉంటారు."

ట్వంటీసెవెన్ కుళాయి పూర్తిగా తిప్పాడు. ఆవిరి లేచి ఆమె నల్ల కళ్ళద్దాలు మసకబారాయి. ఆ ఒక్క క్షణంలో తుపాకీ కింద పడింది, ఆమె చేతికి బేడీ పడింది. బేడీ రెండో కొస టవల్ రాడ్‌కి తగిలించాడు. ఆ భవనంలో లాగితే ఊడిరాని టవల్ రాడ్ అదొక్కటే.

మెట్లెక్కి సూట్ దగ్గరికి పరిగెత్తాడు. మేనేజర్ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"బూట్లు! బూట్లు! కొత్త కార్పెట్!"

"లోపల మనిషి చచ్చిపోతాడయ్యా!"

"విప్పి వెళ్తే చచ్చిపోడుగా!"

తోసేసి లోపలికి వెళ్ళాడు. బాత్రూం తలుపు వేసి ఉంది. లోపల్నుంచి మాస్టారి గొంతు: "ఈ కవరు రాదేమిటయ్యా... ఆఁ, వచ్చింది."

తలుపు పక్కనే గోడకి నీళ్ళు ఆపే వాల్వ్. గోడకి వేసిన రంగే దానికీ వేసేశారు. పానా బిగించి తిప్పాడు. కదల్లేదు. లోపల షవర్ కుళాయి కీచుమంది. ఒంటి బరువంతా వేసి మళ్ళీ తిప్పాడు. రంగు పెచ్చు ఎగిరిపడి వాల్వ్ తిరిగి మూసుకుంది.

లోపల షవర్ గాలి మింగి గుర్రుమంది. చుక్క కూడా రాలలేదు.

మాస్టారు టవల్ చుట్టుకుని, తలనిండా షాంపూతో బయటికొచ్చారు. "ఎవడయ్యా వాడు? షాంపూ పెట్టుకున్నాక నీళ్ళాపుతారా?"

"మీ ప్రాణం కాపాడాను మాస్టారూ."

"సంతోషం. ముందు కళ్ళు కాపాడు, మండిపోతున్నాయి."

ఫ్రిజ్‌లోంచి మంచినీళ్ళ సీసా తెచ్చి ఆయన తల మీద నెమ్మదిగా పోశాడు. మాస్టారు చిన్నపిల్లాడిలా వంగి నిలబడ్డారు.

"పాటలు పాడే ఆ కుర్రాడేడి? నీతో రాలేదా?"

"లేడు మాస్టారూ."

సీసా ఖాళీ అయింది. ట్వంటీసెవెన్ ఇంకా వంచి పట్టుకునే ఉన్నాడు. మాస్టారు తల తుడుచుకోవడం పూర్తి చేసి, సీసా అతని చేతిలోంచి తీసి పక్కన పెట్టారు.

సాయంత్రం చీఫ్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మూడోవాడు లా ఆఫీసరు.

"ఆవిడ మీద హత్య కేసు పెట్టండి" అన్నాడు చీఫ్.

"గూఢచర్యం పెట్టొచ్చు సార్. చావులకి పెట్టలేం, ఆవిడ ఏమీ చెయ్యలేదు. ఇక్కడ నేరమల్లా, చెయ్యాల్సింది చెయ్యకపోవడం. ఆ బాధ్యత భవనం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. కన్సల్టెంట్‌ని పెట్టుకున్నా, కాంట్రాక్టుకిచ్చినా అది చేతులు మారదు."

"అయితే మేనేజర్ని పట్టుకోండి."

"అతన్ని బాధ్యుడిగా ఎవరూ వెయ్యలేదు సార్. అసలు ఎవర్నీ వెయ్యలేదు."

"మరి ఓనరెవరయ్యా? వాడినే ఈడ్చుకురండి!"

లా ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మనమే సార్. మన డిపార్ట్‌మెంటే."

చీఫ్ లేచి తలుపు గడియ పెట్టాడు.

"ఈ సంగతి శత్రువులకి తెలియకూడదు" అన్నాడు.

"వాళ్ళకి ముందే తెలుసు సార్" అన్నాడు ట్వంటీసెవెన్. "ఇవాళ తెలిసింది మనకే."